ఘటోత్కచుడు బొమ్మయ్యాక

మా రావులపాలెం దగ్గర గౌతమి వంతెన దాటి ఎగువకు పోతే రాజమండ్రి. మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథలు రాసిన ఊరు. కాశీ దారిలో మజిలీ మజిలీకీ గోపకుమారుడు ఏదో వింత చూసి అడగడం, మణిసిద్ధుడు దాని కథ విప్పడం. తెలుగు జానపద సినిమాకు చాలాకాలం తిండి పెట్టింది ఆ కథలే. 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’కి బీజం అక్కడిదే, అల్లావుద్దీన్ కథ కూడా కాస్త కలిసింది. డిస్నీవాళ్ల ‘అలాద్దీన్’ వచ్చింది 1992లో. ఈ ఒక్క విషయంలో మనం వాళ్లకంటే నలభై ఏళ్లు ముందున్నాం.

కె.వి.రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు మాట, మార్కస్ బార్ట్లీ కెమెరా. ఈ ముగ్గురూ విజయావారి నీడన 1957లో ‘మాయాబజార్’ తీశారు. అందులో మాయలకు లెక్కలేదు గానీ, నన్నడిగితే అసలు మాయ సావిత్రిది. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు. అద్దం ముందు వయ్యారం పోతూ పోతూ మధ్యలో ఒక్కసారి ఛాతీ విరిచి, కాళ్లు ఎడంగా వేసి మగాడి నడక నడుస్తుంది. సుశీల గొంతు పాడుతుండగా ఘంటసాల గొంతు దూరుతుంది. చప్పున తమాయించుకుని మళ్లీ సిగ్గుపడుతుంది. ఏ ట్రిక్ షాటూ లేదు, ఆడపిల్లలోంచి రాక్షసుడు తొంగిచూసి వెళ్లాడంతే. కె.వి.రెడ్డి స్టాప్‌వాచ్ పట్టుకుని సీను నిడివి ముందే తేల్చుకునేవారని ప్రసిద్ధి. ఆ కసరత్తంతా కెమెరా కదలకముందే అయిపోయేది.

తర్వాత విఠలాచార్య వచ్చి అస్థిపంజరాలను ఆడించారు. తక్కువ ఖర్చు, ఎక్కువ ఈలలు. పండితులు వెక్కిరించినా నేలటిక్కెట్టువాళ్లు వదల్లేదు. సాంఘిక చిత్రాల వెల్లువలో కత్తులూ కిరీటాలూ మూలపడ్డాక, 1994లో సింగీతం శ్రీనివాసరావు ‘భైరవద్వీపం’తో వాటిని బయటికి తీశారు. ఆయన ‘మాయాబజార్’కు కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసినవారే. ఆ పనితనం తెర మీద కనబడుతుంది.

అందుకే 2008లో అదే సింగీతం ‘ఘటోత్కచ్’ యానిమేషన్ చిత్రం తీస్తున్నారంటే ఆశపడ్డాం. అంతకు రెండేళ్ల ముందు వచ్చిన ‘కిట్టు’ తెలుగు యానిమేషన్‌కు జాతీయ అవార్డు తెచ్చింది కూడా. తీరా చూస్తే ‘ఘటోత్కచ్’లో రంగులున్నాయి, పాటలున్నాయి, బుల్లి ఘటోత్కచుడు ముద్దుగానే ఉన్నాడు. కానీ ఆశ్చర్యం లేదు. బొమ్మ కొండంత పెరిగినా, చీమంత అయినా ఎవరికి వింత? బొమ్మ కదా, గీస్తే అవుతుంది. ‘మాయాబజార్’ ఘటోత్కచుడు ఎస్.వి.రంగారావు నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎగిరిపోతుంటే నోరు తెరిచామంటే, ఆయన ఎముకలూ మాంసమూ ఉన్న మనిషి గనక. రంగులద్దిన ‘మాయాబజార్’ 2010లో హాళ్లకొచ్చినప్పుడు తాతలతో పాటు మనవలూ ఆ లడ్డూల దగ్గరే పడిపడి నవ్వారు.

బొమ్మల సినిమాకు ఆ శక్తి లేదని కాదు. డిస్నీ ‘స్నో వైట్’ 1937లోనే మరుగుజ్జుల్లో ఒక్కొక్కరికీ ఒక్కో స్వభావం ఇచ్చి జనాన్ని ఏడిపించింది. గీసేవాళ్లకూ మనకు కొదవలేదు. హైదరాబాద్ స్టూడియోలు ఏళ్ల తరబడి విదేశీ సంస్థలకు బొమ్మలు చేసి పంపాయి. పరాయి కథకు కూలిపని చేయడంలో చెయ్యి తిరిగింది, సొంత కథ దగ్గర మాట రాసేవాడు కరువయ్యాడు. పింగళికి ఇచ్చినంత తీరిక ఏ యానిమేషన్ రచయితకిచ్చాం? మా అరటి మార్కెట్‌లో ఇప్పటికీ ఎవడైనా తెలివిగా బేరం కుదిర్చితే, ‘మాయాబజార్’ మాట అరువు తెచ్చుకుని ‘వాడికో వీరతాడు’ అంటారు. ‘ఘటోత్కచ్’లోంచి ఒక్క మాట ఎవరి నోటనైనా విన్నానా అంటే, లేదు.

‘ఘటోత్కచ్’ వచ్చిన ఏడాదే టీవీలో మొదలైన ఛోటా భీమ్ హైదరాబాద్‌వాడే. వాడికీ లడ్డూలంటే ప్రాణం. ఉండేది మాత్రం ఢోలక్‌పూర్‌లో, మా పిల్లల దగ్గరికి డబ్బింగ్ తెలుగులో వస్తాడు.