రంగా గారి స్వేచ్ఛ, ఉయ్యూరు చెరకు

ప్రభుత్వం పక్కకు తప్పుకుని మార్కెట్‌ను నడవనివ్వాలనే నయా ఉదారవాదం మాటెత్తితే మనకు 1991 గుర్తొస్తుంది. పీవీ ప్రధాని, మన్మోహన్ ఆర్థిక మంత్రి, జులై 24న బడ్జెట్. చదువుకున్నవాళ్లు ఇంకా వెనక్కెళ్లి, 1947 ఏప్రిల్‌లో స్విట్జర్లాండులోని మాంట్ పెలెరిన్‌లో ఫ్రెడరిక్ హయెక్ సమావేశపరిచిన మేధావులను తలచుకుంటారు. ఆ చరిత్రలో ఒక తెలుగు రైతుబిడ్డ పేరు రావలసినంతగా రాలేదు. ఆయన గోగినేని రంగనాయకులు, అందరికీ తెలిసిన ఎన్.జి. రంగా.

1900లో నిడుబ్రోలులో పుట్టిన రంగా ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రం చదివారు. మార్కెట్‌వాదిగా మాత్రం మొదలవలేదు. 1936లో అఖిల భారత కిసాన్ సభ పెట్టినవాళ్లలో ఆయనొకరు, జమీందారీ రద్దు కోసం పోరాడారు. కాంగ్రెస్‌తో తెగింది 1959లో. ఆ జనవరిలో నాగపూర్ మహాసభ ఉమ్మడి సహకార సాగును లక్ష్యంగా తీర్మానించింది. జమీందారు నుంచి విడిపించుకున్న పొలం మీద మళ్లీ ఇంకొకరి పెత్తనమా అన్నది రంగా అభ్యంతరం. పార్టీ వదిలి, అదే ఏడాది రాజాజీ, మినూ మసానీలతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టారు. తొలి అధ్యక్షుడు ఆయనే. 1967 లోక్‌సభలో ఆ పార్టీకి 44 స్థానాలు వచ్చాయి.

పర్మిట్, లైసెన్స్, కోటా రాజ్యమని రాజాజీ తిట్టిన వ్యవస్థపై అంతకుముందే అర్థశాస్త్రవేత్త బి.ఆర్. షెనాయ్ కలమెత్తారు. రెండో ప్రణాళికపై 1955లో ఆర్థికవేత్తల బృందంలో అసమ్మతి పత్రం రాసింది ఆయనొక్కరే. షెనాయ్ లెక్క ద్రవ్యోల్బణం, కంట్రోళ్ల చుట్టూ తిరిగింది. రంగా దృష్టి మాత్రం సొంత భూమిలో కుటుంబమంతా కష్టపడే రైతు మీదే. ఆ రైతుకు స్వేచ్ఛతోపాటు ప్రభుత్వ అండ కూడా కావాలి. అందుకే రంగాను హయెక్ శిష్యుల వరసలో నిలబెట్టడం నాకు సరిగా తోచదు.

ఈ తేడా తెలియాలంటే బందరు రోడ్డు మీద ఉయ్యూరులో ఆగాలి. అక్కడి చక్కెర ఫ్యాక్టరీ వెలగపూడి రామకృష్ణ 1941లో నెలకొల్పిన కేసీపీ సంస్థది. సీజన్‌లో చెరకు బళ్లు బారులు తీరుతాయి. మిల్లు నుంచి కటింగ్ ఆర్డరు వచ్చేదాకా రైతు తోటలో కత్తి పెట్టడానికి లేదు. నరికిన చెరకు ఎండుతున్నకొద్దీ తూకం తగ్గుతుంది, రసంలో పంచదార పడిపోతుంది. ధాన్యమైతే పురికట్టి ధర కోసం నెలో రెండు నెలలో ఆగొచ్చు. చెరకు ఆగదు, దాన్ని దూరం మోస్తే కిరాయి గిట్టదు. దగ్గర్లో ఉన్న మిల్లు ఒక్కటే అయినప్పుడు బేరమాడే స్వేచ్ఛ రైతుకు ఎక్కడిది?

1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు మిల్లుకు ప్రాంతాన్ని కేటాయించే అధికారం ప్రభుత్వానికిచ్చి రైతును కట్టేసింది. ఆ ఉత్తర్వులోనే కనీస ధర, 14 రోజుల్లో చెల్లింపు, ఆలస్యమైతే ఏటా 15 శాతం వడ్డీ కూడా ఉన్నాయి. కంట్రోళ్లన్నీ ఎత్తేయమంటే ఈ రక్షణ కూడా పోతుంది. 2012లో సి. రంగరాజన్ కమిటీ లెవీని (మిల్లులు చక్కెరలో కొంత ప్రభుత్వానికి చౌకగా ఇవ్వాలన్న నిబంధనను), ప్రాంతాల కేటాయింపును తీసేయమంది. 2013లో కేంద్రం లెవీ ఎత్తేసింది, అది మిల్లులకు దక్కిన ఊరట. ప్రాంతాల కేటాయింపు సంగతి రాష్ట్రాలకే వదిలేశారు.

రంగా ఆలోచనలో లోటు వేరే చోట ఉంది. స్వతంత్ర పార్టీ భూమి ఉన్నవాడి హక్కు గురించి గట్టిగా మాట్లాడింది. ఉయ్యూరు చుట్టుపక్కల కాటూరు, ఎలమర్రు ఎర్రజెండా ఊళ్లుగా పేరు పడ్డాయి. అక్కడి కూలీకి, కౌలుదారుకు స్వేచ్ఛ అంటే ఏమిటో ఆ పార్టీ చెప్పలేదు. డెల్టాలో ఇప్పుడు మడి దున్నేవాళ్లలో కౌలుదారులే ఎక్కువగా కనిపిస్తారు. వాళ్ల కోసం 2019లో తెచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కూడా భూయజమాని సంతకం ఉంటేనే సాగుదారు హక్కు కార్డు ఇస్తానంది.