నిజామాబాద్ రికార్డింగు సెంటర్లు, మన మిక్స్‌టేపులు

1963 జులై 26న నెహ్రూ గారు పోచంపాడు వచ్చి గోదావరి మీద ప్రాజెక్టుకి శంకుస్థాపన చేశారు. ఇప్పుడు శ్రీరాంసాగర్ అంటున్నది దాన్నే. సరిగ్గా అయిదు వారాల తర్వాత, ఆగస్టు 30న బెర్లిన్‌లో మొదలైన రేడియో ప్రదర్శనలో ఫిలిప్స్ కంపెనీ అరచేతిలో పట్టే ఒక ప్లాస్టిక్ డబ్బీని చూపించింది. అదే కాంపాక్ట్ కేసెట్. ఈ రెండిటికీ సంబంధం ఏంటయ్యా అంటే, ఏమీ లేదు :). కాకపోతే మా అమ్మమ్మ వాళ్ళ ఊరు మెండోర (పోచంపాడు ఇప్పుడు ఆ మండలంలోనే ఉంది, 2016 దాకా అదంతా బాల్కొండ మండలం). ఆ ఊరిని మార్చింది ఏంటని ఎవరైనా అడిగితే నేను ప్రాజెక్టుతో పాటు కేసెట్ పేరు కూడా చెప్తాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి.

మిక్స్‌టేపు అనగానే కనపడే చరిత్రంతా న్యూయార్క్ డీజేలది, లండన్ కుర్రాళ్ళది. నిక్ హార్న్‌బీ 1995లో రాసిన హై ఫిడెలిటీ నవల్లో కథానాయకుడు రికార్డుల షాపు నడుపుతూ, నచ్చిన అమ్మాయికి టేపు ఎలా కూర్చాలో సూత్రాలు చెప్తాడు. 1986లో ఎన్.ఎం.ఈ. అనే బ్రిటిష్ సంగీత వారపత్రిక చిన్న చిన్న లేబుళ్ళ బ్యాండ్లవి 22 పాటలు ఏరి సి86 అని ఒక కేసెట్ వేసింది. సి-60, సి-90 లాగా ఏడాది నంబరు పెట్టారన్నమాట. చివరికి ఇండీ సంగీతంలో ఒక ధోరణికే ఆ కేసెట్ పేరు స్థిరపడిపోయింది. బాగుంది. మరి మన సంగతి? "మీ టైములో సినిమా పాటలు తప్ప ఇంకేం ఉండేవి సార్?" అని మా టీములో ఒక కుర్రాడు అడిగాడు. వాడికి లంచ్ టైములో సగం చెప్పాను. మిగతా సగంతో కలిపి ఇక్కడ రాస్తున్నా.

1980ల్లో నిజామాబాద్‌లో బస్టాండు దగ్గరా, గాంధీ చౌక్ చుట్టుపక్కలా రికార్డింగు సెంటర్లు ఉండేవి. ఆర్మూరులో, బోధన్‌లో కూడా. ఓ మడిగె, రెండు టేప్ డెక్కులు, ఒక రికార్డు ప్లేయరు, గోడల నిండా ఎల్పీలు, స్పిరిట్ సీసా, దూది (హెడ్డు తుడవడానికి), ఒక లావుపాటి నోటుబుక్కు. నోటుబుక్కే అసలు ఆస్తి. అందులో ప్రతి పాటకీ నంబరు. మనం చీటీ మీద మనక్కావలసిన పాటలు రాసి, ఖాళీ కేసెట్ ఇచ్చి, రెండు రోజులాగి పోవాలి. చీటీ రాయడం అంత ఈజీ కాదు. ఇంట్లో అన్నదమ్ముల మధ్య పెద్ద పంచాయితీ.

ఎందుకంటే స్థలం పరిమితం. సి-60లో ఒక వైపు ముప్పై నిమిషాలు. టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది కాబట్టి అరగంటకి దాదాపు 86 మీటర్లు. నాలుగున్నర నిమిషాల పాటలు ఆరు పెడితే 27 నిమిషాలు. మిగిలిన మూడు నిమిషాల్లో ఏడో పాట పట్టదు. కాలేజీలో నాప్‌సాక్ ప్రాబ్లమ్ అని మనం బట్టీ పట్టింది ఇదే కదా! రికార్డింగు సెంటరాయన ఏ ఆల్గారిథమూ చదవకుండానే దాన్ని రోజుకి ఇరవై సార్లు విప్పేవాడు. ఆయన దగ్గర "ఫిల్లింగు" సరుకు ఉండేది. ఒక నాటకం పద్యం, ఓ చిన్న శ్లోకం, సినిమా టైటిల్ మ్యూజిక్. పాట మధ్యలో తెగి టేపు ఠక్కున ఆగిపోతే గిరాకీ మళ్ళీ రాడని ఆయనకి తెలుసు. పైగా మనం రాసిచ్చిన వరస ఆయనకి నచ్చకపోతే మార్చేసేవాడు. "రెండు ఏడుపు పాటలు పక్కపక్కన పెడితె ఎట్ల వింటవ్ తమ్మీ?" అనేవాడు. హార్న్‌బీ హీరో నవల నిండా చెప్పింది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు.

ఇక ఆ షాపు గోడ చూస్తే జిల్లా పటం చూసినట్టే ఉండేది. ఇది కొంచెం వివరంగా చెప్పాలి. 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక కాలువల కింద చెరుకు సాగు కోసం కోస్తా జిల్లాల రైతులు బోధన్, వర్ని ప్రాంతాలకి వచ్చి స్థిరపడ్డారు. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ మొదలైంది (2015 డిసెంబరులో మూతబడింది). పక్కనే మహారాష్ట్ర. ఊళ్ళో తరతరాలుగా ఉర్దూ. దీంతో ఒకే షాపులో ఒకాయన ఘంటసాల పద్యాలు అడిగితే, పక్కనాయన మెహదీ హసన్ గజళ్ళు అడిగేవాడు, మూడో ఆయనకి మరాఠీ అభంగాలు కావాలి. ఫ్యాక్టరీలో పనిచేసిన మా పెద్ద మామ దగ్గర ఒక కేసెట్ ఉండేది: మొదట వేంకటేశ్వర సుప్రభాతం కొంత, తర్వాత రెండు కవ్వాలీలు, తర్వాత కిషోర్ కుమార్, చివర కురుక్షేత్రం పద్యాలు. అట్ట మీద ఆయన స్వహస్తాలతో "పొద్దుగాల్ల డ్యూటీ" అని రాసుకున్నాడు. అంటే పొద్దున షిఫ్టుకి తయారయ్యేటప్పుడు వినడానికి. భాషనిబట్టో, సినిమానిబట్టో కాకుండా రోజులో ఒక గంటనిబట్టి కూర్చిన పాటలు. ఈ రోజుల్లో పాటల యాప్ "మార్నింగ్ మూడ్" అని జాబితా పంపిస్తే నాకు మా మామే గుర్తొస్తాడు, కాకపోతే ఆ యాప్‌కి సుప్రభాతం పక్కన కవ్వాలీ పెట్టే ధైర్యం లేదు.

సరే, ఇండీ సంగతి. ఇండీ అంటే ఇండిపెండెంట్, పెద్ద కంపెనీల అండ లేకుండా వచ్చే సంగీతం. ఆ లెక్కన తెలంగాణాలో మొదటి పెద్ద ఇండీ ఏదంటే నా మటుకు నాకు జననాట్యమండలి పాటలే. 1990లో ప్రభుత్వం ఆంక్షలు సడలించినప్పుడు గద్దర్ అజ్ఞాతం వీడి బయటికొచ్చారు. సభలకి జనం లక్షల్లో వచ్చారు. ఆ పాటల కేసెట్లు ఊరూరా చేతులు మారాయి. రేడియోలో వెయ్యరు, సినిమా కంపెనీ ముట్టుకోదు, అయినా పాట ఆగలేదు. 1992లో పీపుల్స్‌వార్ మీద మళ్ళీ నిషేధం వచ్చాక కొన్ని ఇళ్ళల్లో అవే కేసెట్లకి భక్తిపాటల అట్టలు తొడిగి దాచుకున్నారు. నాకు తెలిసిన ఒకాయన ఇంట్లో అయ్యప్ప భజన అనుకుని పెడితే డప్పు మోగింది! ఆ రాజకీయాలతో మీరు ఏకీభవిస్తారా లేదా అన్నది వేరే చర్చ. ఒక సంగీతం కంపెనీ లేకుండా, రేడియో లేకుండా, కాపీ మీద కాపీగా బతకడం ఎలాగో చూడాలంటే మాత్రం ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనపడలేదు. ఒగ్గు కథలూ, బతుకమ్మ పాటలూ కూడా ఇదే దారిన తిరిగాయి. (గద్దర్ 2023 ఆగస్టు 6న పోయారు. ఆ రోజు ఫోన్లలో తిరిగిన పాటల్లో కొన్నిటి వెనక టేపు బుసబుస స్పష్టంగా వినపడింది.)

అసలైన ఇండీ రాక్ మాకు ఇంజనీరింగ్ హాస్టల్లో తగిలింది. నిర్వాణా వాళ్ళ నెవర్‌మైండ్ 1991లో వచ్చింది, మా వింగుకి చేరేసరికి ఇంకో రెండేళ్ళు పట్టింది. ఎవడి కజినో అమెరికా నుంచి తెస్తే దాన్నుంచి ఒకటి, దాన్నుంచి ఇంకొకటి. ఆరో కాపీకి గిటారుకీ సీలింగు ఫ్యానుకీ తేడా తెలిసేది కాదు. 1993లో అలహాబాద్ నుంచి అమిత్ సైగల్ రాక్ స్ట్రీట్ జర్నల్ అనే పత్రిక మొదలుపెట్టాడు. అలహాబాద్ నుంచి రాక్ పత్రికా అని అందరూ నవ్వారు గానీ, మన దేశపు బ్యాండ్ల గురించి నాలుగు ఊళ్ళ కుర్రాళ్ళకి తెలిసింది దానివల్లే. దీని గురించి ఇప్పటికే ఎంతోమంది రాశారు కాబట్టి ఇంతటితో వదిలేస్తున్నా.

ఇదంతా దొంగ కాపీయే కదా అంటారా? అవును, దొంగ కాపీయే. 1957 నాటి కాపీరైట్ చట్టాన్ని 1984లో సవరించి పైరసీకి శిక్షలు పెంచారు. రికార్డింగు సెంటరాయన పాడినవాళ్ళకి గానీ రాసినవాళ్ళకి గానీ పైసా ఇచ్చింది లేదు. బ్రిటన్‌లో అయితే ఇంట్లో టేపులు చేసుకోవడం సంగీతాన్ని చంపేస్తోందని రికార్డు కంపెనీల సంఘం 1981లో ప్రచారమే నడిపింది. కానీ మా సెంటర్లని మూయించింది చట్టం కాదు, ధర. ఢిల్లీ దరియాగంజ్‌లో పళ్ళరసం కొట్టు నడిపిన కుటుంబం నుంచి వచ్చిన గుల్షన్ కుమార్ 1983లో టీ-సిరీస్ పెట్టి, పాత పాటల్ని కొత్త గొంతులతో పాడించి చవగ్గా అమ్మాడు. అలా మళ్ళీ పాడించుకోవడానికి అదే చట్టంలో సందు ఉంది. కిరాణా కొట్లో, పాన్ డబ్బాలో కేసెట్ దొరికితే చీటీ రాసి రెండు రోజులు ఎవరు ఆగుతారు? తర్వాత ఎంపీత్రీ సీడీ వచ్చింది. 700 ఎంబీలో 128 కేబీపీఎస్ లెక్కన పన్నెండు గంటల సంగీతం, నూట యాభై పాటలు. ఏ పాట వదిలెయ్యాలన్న ప్రశ్నే లేకపోయాక ఏరడం అనే పని కూడా లేకుండా పోయింది.

ఇంతకీ మెండోర సంగతి చెప్తానన్నాను. 1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో కట్టడాలు మొదలైనప్పటి నుంచీ నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల పల్లెల నుంచి వలస ఆగలేదు. మా చిన్న మామ 1984లో దుబాయి పోయాడు. రెండేళ్ళకి సెలవు మీద వస్తూ నేషనల్ పానసోనిక్ టూ-ఇన్-వన్ తెచ్చాడు. ఆ వాడకట్టులో అదే మొదటిది. తిరిగి పోయేటప్పుడు బ్యాగులో పచ్చళ్ళు, పసుపుతో పాటు మూడు కేసెట్లు. నిజామాబాద్‌లో చీటీ ఇచ్చి చేయించుకున్నవే. అందులో పంకజ్ ఉధాస్ ఉత్తరం పాట ఒకటి తప్పనిసరి. 1986 నాటి నామ్ సినిమాలోది. ఆ ఏడాది ఆ పాట లేకుండా గల్ఫ్‌కి పోయిన కేసెట్ ఒక్కటి కూడా ఉండి ఉండదని నా అనుమానం.

ఆ పాటలు నిండగా సైడ్ బీ చివర మిగిలే మూడు నాలుగు నిమిషాల్లో సెంటరాయన పద్యం పెట్టబోతే మామ వద్దన్నాడట. ఖాళీగా ఉంచమన్నాడు. ఇంటికొచ్చాక ప్లే, రికార్డు మీటలు రెండూ కలిపి నొక్కి అమ్మమ్మని మాట్లాడమన్నాడు.

అమ్మమ్మకి చదువు రాదు. అప్పటిదాకా ఉత్తరం రాయాలంటే ఊళ్ళో చదువుకున్న పిల్లగాడిని పిలిచి చెప్పాలి, వచ్చిన ఉత్తరం ఇంకొకడితో చదివించుకోవాలి. అంటే ఇంటి అప్పు ఎంతో, మిత్తి ఎంతో, కోడలితో మాట పట్టింపు ఏంటో అన్నీ మూడోవాడికి తెలియాలి. అందుకని ఉత్తరాల్లో అందరూ క్షేమమే. కేసెట్ వచ్చాక మొదటిసారి తలుపు దగ్గరకి వేసి, కొడుక్కి చెప్పాల్సింది చెప్పగలిగింది. గల్ఫ్‌కి పోయినవాళ్ళ ఇళ్ళల్లో ఎన్నిట్లోనో ఇదే జరిగింది. సెలవు మీద వచ్చిన ఊరివాళ్ళ చేతికి కేసెట్ ఇచ్చి పంపేవాళ్ళు, ఇంకొకరి చేతిలో జవాబు వచ్చేది. కేరళలో ఇలాంటి వలస ఉత్తరాల మీద దుబాయి కత్తు పాట్టు అని పాటలే పుట్టాయి, వాటి మీద పరిశోధన చేసినవాళ్ళున్నారు. మన దగ్గర టేపులు ఇళ్ళల్లోనే ఉండిపోయాయి.

ఉండిపోవడం కూడా ఎంతవరకు? కొత్త కేసెట్‌కి డబ్బులెందుకని వచ్చిన దానిమీదే జవాబు రికార్డు చేసేవాళ్ళు. వెనక ప్లాస్టిక్ నాలుక విరిచేసి ఉంటే ఆ చిల్లులో కాగితం కుక్కేవాళ్ళు. టేప్ రికార్డర్లో చెరిపే హెడ్డు ముందు, రాసే హెడ్డు తర్వాత ఉంటాయి. కాబట్టి ప్రతి జవాబూ అంతకుముందు వచ్చిన మాటని తుడిచేసిందన్నమాట. మిగిలేది ఆఖరి ఉత్తరం ఒక్కటే. వెర్షన్ కంట్రోల్ లేని రిపాజిటరీ.

మామ 2019లో పోయాక ఆయన పెట్టెలో పద్నాలుగు కేసెట్లు దొరికాయి. ఒక పాత డెక్కు రిపేరు చేయించి, కంప్యూటర్‌కి కలిపి ఆడాసిటీలో ఒక్కొక్కటీ ఎక్కిస్తున్నాను. "దుబాయి 2" అని అట్ట ఉన్న దాంట్లో సైడ్ బీ మొదట నాలుగు సెకన్లు ఏదో గజల్ ఎత్తుగడ వస్తుంది. అంతలో మీట నొక్కిన చప్పుడు. తర్వాత అమ్మమ్మ గొంతు. "కొడుకా, మంచిగున్నవా? పసుపు తవ్వుడు అయింది, ఉడకబెట్టుడు ఇంక కాలే..." దూరంగా కోడి, ఎవరో బిందె పెట్టిన శబ్దం. అప్పు సంగతి చెప్పింది, ఎవరికి ఎంత ఇచ్చారో చెప్పింది, ఇంకో విషయం కూడా చెప్పింది, అది ఇక్కడ రాయను. పదకొండు నిమిషాలు. చివర "పైలం బిడ్డా" అని, ఆపడం రాక, మా అమ్మని పిలుస్తుంది. ఆ పదకొండు నిమిషాల కింద రెండో మూడో గజళ్ళు పోయాయి. సెంటర్లో అచ్చుపోసినట్టు రాసిచ్చిన అట్ట మీద వాటి పేర్లు ఇంకా ఉన్నాయి.

మీ ఇళ్ళల్లో ఇలాంటివి ఉంటే పనికొచ్చే నాలుగు మాటలు. నేరుగా ప్లే చెయ్యకండి, ముందు ఒకసారి చివరిదాకా, మళ్ళీ మొదటిదాకా తిప్పండి. టేపుని హెడ్డుకి ఆనించే చిన్న స్పాంజి మెత్త ఊడిపోయి ఉంటే పాడైన ఇంకో కేసెట్‌లోది తీసి అతికించొచ్చు. స్క్రూలు ఉన్న డబ్బీలు విప్పడం తేలిక, అతికించిన డబ్బీలకి కొంచెం ఓపిక కావాలి. అట్టకి రెండు వైపులా ఫొటో తియ్యండి, కొట్టేసిన పేర్లతో సహా. పాట అనుకుని సగంలో ఆపకండి, చివరిదాకా నడవనివ్వండి. మా పెట్టెలో ఇంకా అయిదు మిగిలాయి, వాటిలో ఒకదానికి మాత్రం అట్ట లేదు.