బ్రేకు చక్రం దగ్గరా, ఇంజను దగ్గరా?

లండన్‌కు పడమర, హీత్రూ విమానాశ్రయాన్ని ఆనుకుని ఉన్న ఊరు హౌన్స్‌లో. ఇప్పుడు ఇక్కడ తలెత్తితే విమానాలే గానీ, రెండు వందల ఏళ్ల క్రితం ఇది గుర్రాల ఊరు. లండన్ నుంచి బాత్ పట్టణానికి పోయే కోచ్ బళ్లు ఇక్కడ ఆగి గుర్రాలను మార్చుకునేవి. హౌన్స్‌లో నేల చదును. కష్టమంతా ముందుంది, మార్ల్‌బరో దాటాక వచ్చే కొండ దిగుడుల్లో. అక్కడ గొలుసుకు కట్టిన ఇనుప చెప్పు ఒకటి వెనక చక్రం కింద పెట్టేవారు. చక్రం తిరగడం మాని ఆ చెప్పు మీద జారుతూ దిగేది. కిందికి వచ్చేసరికి ఆ ఇనుము చెయ్యి పెట్టలేనంత వేడెక్కేది.

1841లో లండన్-బ్రిస్టల్ రైలు మార్గం పూర్తయింది, కోచ్ బళ్ల కాలం ముగిసింది. ఆ వేడి మాత్రం మనల్ని వదల్లేదు. లారీలు వచ్చాక కూడా బ్రేకు చక్రం దగ్గరే ఉంది. పొడుగాటి దిగుడులో పెడల్ తొక్కి పట్టుకుంటే డ్రమ్ము కాలిపోతుంది, లైనింగు పట్టు తప్పుతుంది. ఆ కమురు వాసన ఘాట్ రోడ్ల మీద బండి నడిపినవాళ్లకు కొత్త కాదు.

డీజిల్ బండికి ఇంకో చిక్కుంది. పెట్రోల్ ఇంజనులో కాలు తీస్తే గాలి దారి మూసుకుపోయి ఇంజనే బండిని వెనక్కి పట్టుకుంటుంది. పాత డీజిల్ ఇంజనులో ఆ మూత లేదు. లోపల నొక్కుకుపోయిన గాలి స్ప్రింగులా మళ్లీ పిస్టన్‌ను తోసేస్తుంది, అందుకే పట్టు తక్కువ. 1931లో అమెరికా డీజిల్ ఇంజన్ల తయారీదారు క్లెస్సీ కమిన్స్ తన లారీతో కాలిఫోర్నియాలోని కహోన్ కనుమ దిగుతుంటే బ్రేకులు చేతులెత్తేశాయి. కింద పట్టాల మీద గూడ్సు రైలు పోతోంది. వెంట్రుకవాసిలో బతికాడు. ఆ భయం ఆయన్ను వదల్లేదు. రిటైరయ్యాక ఇంజను తల మీదే పనిచేసే బ్రేకును కనిపెట్టాడు. జేకబ్స్ కంపెనీ దాన్ని 1961లో బజారులోకి తెచ్చింది.

ఎగ్జాస్ట్ బ్రేకు అంతకంటే సాదా సరుకు. పొగ గొట్టంలో ఒక పళ్లెం లాంటి మూత. మూస్తే పొగ వెనక్కి తంతుంది, పిస్టన్‌కు బరువవుతుంది, బండి నెమ్మదిస్తుంది. ఆల్ప్స్ కొండల దేశాల లారీల్లో ఇది ఎప్పటినుంచో మామూలే.

మరి పికప్‌కు ఎక్కడ బిగించాలి? టర్బో ఉంటే టర్బో దాటిన వెంటనే, లేకపోతే మానిఫోల్డు దాటిన వెంటనే. ఎంత దగ్గరైతే అంత మంచిది. మూతకూ ఇంజనుకూ మధ్య గొట్టం పొడవు పెరిగేకొద్దీ పొగ నిండడానికి ఆలస్యం, బ్రేకు అందుకోవడానికీ ఆలస్యం. మధ్యలో మెత్తటి జాయింటు ఉంటే ఒత్తిడికి అక్కడే ఊదేస్తుంది, కాబట్టి మూత దానికి ముందే ఉండాలి. సైలెన్సర్ దగ్గర చోటు బాగుందని అక్కడ బిగిస్తే పని సులువే, ఫలితమే తక్కువ. మూత పూర్తిగా బిగిసిపోకూడదు. ఒత్తిడి హద్దు దాటితే ఇంజను వాల్వులు స్ప్రింగులను మించి వాటంతటవే తెరుచుకుంటాయి. ఆ హద్దు ఇంజను ఇంజనుకూ వేరు, కాబట్టి మీ ఇంజనుకు చెప్పిన కిట్టే వాడాలి. అమెరికాలో డాడ్జ్ రామ్ పికప్‌కు 1989 నుంచి కమిన్స్ ఇంజను వచ్చింది, దానికి జనం ఇలాగే విడిగా బిగించుకునేవారు. 2007లో వచ్చిన 6.7 లీటర్ల ఇంజనులో టర్బోయే ఆ పని చేసింది. ఎక్కడ బిగించాలన్న మాటే లేకుండా పోయింది.

హౌన్స్‌లోకు ఉత్తరాన సౌతాల్ ఉంది. లండన్ ఎర్ర బస్సుల తయారీ సంస్థ ఏఈసీ అక్కడే 1927 నుంచి 1979 దాకా నడిచింది. 1962లో అది లేలాండ్ చేతికి వచ్చింది. ఆ లేలాండే 1955లో మద్రాసు ఎన్నూరు కంపెనీలో వాటా తీసుకుని దాన్ని అశోక్ లేలాండ్ చేసింది. మనం ఊళ్లో ఎక్కిన బస్సులకూ ఇక్కడి లేలాండ్‌కూ ఉన్న చుట్టరికం అది.

ఆ బస్సులు తిరిగిన దారుల్లో తిరుమల ఒకటి. మొదటి ఘాట్ రోడ్డు 1944లో తెరిచారు. 1974లో రెండోది వచ్చాక పాతదాన్ని దిగడానికి ఉంచారు. దిగే బండి 40 నిమిషాల కంటే ముందే కిందికి చేరితే జరిమానా అనే నియమమూ పెట్టారు. బ్రేకు కంటే ఆ చీటీయే ఎక్కువమందిని కాపాడిందని నా అనుమానం.

ఇక గల్ఫ్ క్యాంపుల్లోని పికప్ సోదరులకు ఒక్క మాట. ఒమాన్‌లో జబల్ అఖ్దర్ ఎక్కే బండికి ఫోర్ వీల్ డ్రైవ్ ఉందో లేదో పోలీసు చెక్‌పోస్టులో చూస్తారు. దిగేటప్పుడు మీరు ఏ గేరులో ఉన్నారో ఎవరూ చూడరు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దించే అలవాటు మనవాళ్లలో ఇంకా ఉంది. న్యూట్రల్‌లో ఇంజనుకూ చక్రానికీ సంబంధం తెగిపోతుంది, ఎగ్జాస్ట్ బ్రేకు ఎంత మంచి చోట బిగించినా పట్టదు. క్లచ్ తొక్కి ఉంచినా అంతే. పైగా గేరులో కాలు తీసి దిగుతుంటే ఇంజనులోకి డీజిలే పోదు. న్యూట్రల్‌లోనే, ఇంజను ఆగిపోకుండా ఉండడానికి, కాస్త కాలుతుంది.