శాశ్వత చిరునామా నుంచి గడువు చిరునామాకు: డీహెచ్‌సీపీ చరిత్ర

1. పరిచయం

మీ ఫోన్‌ను కొత్త చోట వైఫైకి కలిపినప్పుడు అది పాస్‌వర్డ్ అడుగుతుంది. ఐపీ చిరునామా ఎంతో చెప్పమని మాత్రం అడగదు. ఆ చిరునామా లేనిదే ఫోను ఒక్క అక్షరం కూడా ఇంటర్నెట్ నుంచి తెచ్చుకోలేదు. అయినా రెండు మూడు క్షణాల్లో ఎవరో దానికి ఒక చిరునామా ఇచ్చేస్తారు. ఇచ్చేది ఎవరు? ఏ లెక్క ప్రకారం ఇస్తారు? ఎంతకాలానికి ఇస్తారు?

ఈ పని చేసే నియమావళి పేరు డైనమిక్ హోస్ట్ కాన్ఫిగరేషన్ ప్రోటోకాల్. దీనిని క్లుప్తంగా డీహెచ్‌సీపీ అంటారు. పరీక్షలో చాలామంది విద్యార్థులు దీనిని ‘చిరునామాలను తనంతట తానే కేటాయించే పద్ధతి’ అని నిర్వచించి ఊరుకుంటారు. నిర్వచనం తప్పు కాదు గాని, చరిత్ర విద్యార్థికి అది చాలదు. తనంతట తానే కేటాయించే పద్ధతులు డీహెచ్‌సీపీకి ముందే ఉన్నాయి. డీహెచ్‌సీపీ తెచ్చిన అసలు మార్పు గడువు. అంతవరకు సొంత ఆస్తిలా ఉన్న చిరునామా దానితో కౌలు భూమిలా మారింది. ఆ మార్పు ఎందుకు అవసరమైందో, దానివల్ల ఏ కొత్త చిక్కులు వచ్చాయో ఈ భాగంలో పరిశీలిద్దాం.

2. చేతిరాత లెక్కల కాలం

ఇంటర్నెట్ చరిత్రకు ముఖ్యమైన మూలాధారాలు ఆర్‌ఎఫ్‌సీ పేరుతో వరుస సంఖ్యలు వేసి వెలువరించిన పత్రాలు. 1981 సెప్టెంబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 791 ఐపీ చిరునామాకు 32 బిట్ల పొడవును నిర్ణయించింది. ఆ లెక్కన మొత్తం చిరునామాలు 429 కోట్లకు పైచిలుకు. 1983 జనవరి 1న అమెరికాలోని ఆర్పానెట్ ఈ కొత్త పద్ధతికి మారింది.

అప్పట్లో నెట్‌వర్క్‌లకు సంఖ్యలు కేటాయించే లెక్కను జాన్ పోస్టెల్ చూసేవారు. యంత్రాల పేర్లు, చిరునామాలు ఉన్న పట్టికను కాలిఫోర్నియాలో ఎలిజబెత్ ఫైన్లర్ నాయకత్వంలోని సమాచార కేంద్రం నిర్వహించేది. ఒక సంస్థ లోపల ఏ యంత్రానికి ఏ సంఖ్య ఇవ్వాలో అక్కడి నిర్వాహకుడు నిర్ణయించి, లెక్క రాసుకొని, ఆ యంత్రంలో స్వయంగా నమోదు చేసేవాడు. కంప్యూటర్లు పెద్దవి, ఖరీదైనవి, కదలనివి కాబట్టి ఈ పద్ధతి సరిపోయింది. ఒకసారి ఇచ్చిన చిరునామా ఏళ్ల తరబడి అలాగే ఉండేది.

3. డిస్కు లేని యంత్రాలు: రార్ప్, బూట్‌పీ

1980వ దశకంలో విశ్వవిద్యాలయాల్లోకి డిస్కు లేని వర్క్‌స్టేషన్లు వచ్చాయి. డిస్కు ఖరీదైనది కనుక, ప్రోగ్రాములన్నిటినీ సర్వర్‌లో ఉంచి అక్కడినుంచి తెచ్చుకొనేలా వీటిని తయారుచేశారు. ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. డిస్కు లేని యంత్రం స్విచ్ ఆపగానే తన చిరునామా మరిచిపోతుంది. తిరిగి ఆన్ చేసినప్పుడు దానికి తెలిసింది ఒక్కటే: నెట్‌వర్క్ కార్డులో తయారీదారు ముద్రించిన హార్డ్‌వేర్ సంఖ్య. ఈథర్‌నెట్‌లో దీని పొడవు 48 బిట్లు.

1984 జూన్‌లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రార్ప్ అనే పద్ధతిని ప్రతిపాదించారు. యంత్రం తన హార్డ్‌వేర్ సంఖ్యను చాటుతుంది. సర్వర్ తన పట్టిక చూసి ఐపీ చిరునామా చెబుతుంది. అయితే రార్ప్ సందేశం రూటర్‌ను దాటలేదు. అందుచేత ప్రతి చిన్న నెట్‌వర్క్‌లోనూ ఒక సర్వర్ పెట్టవలసి వచ్చేది. పైగా అది చిరునామా తప్ప మరేమీ చెప్పేది కాదు.

1985 సెప్టెంబరులో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన బిల్ క్రాఫ్ట్, సన్ మైక్రోసిస్టమ్స్‌కు చెందిన జాన్ గిల్మోర్ కలిసి ప్రకటించిన బూట్‌పీ ఈ రెండు లోపాలనూ సవరించింది. యంత్రం అడిగిన మాటను మధ్యనున్న రూటర్ అవతలి నెట్‌వర్క్‌లోని సర్వర్‌కు చేరవేయగలదు. చిరునామాతోపాటు ఏ ఫైలు తెచ్చుకొని పని మొదలుపెట్టాలో కూడా సర్వర్ చెబుతుంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. రార్ప్‌లోనూ బూట్‌పీలోనూ యంత్రం దగ్గర చేతిపని తగ్గింది గాని, సర్వర్‌లోని పట్టికను మనిషే రాయాలి. ఫలానా హార్డ్‌వేర్ సంఖ్యకు ఫలానా చిరునామా అని ముందే రాసి ఉంటేనే జవాబు వస్తుంది. పట్టికలో లేని కొత్త యంత్రానికి చోటు లేదు. అంటే నిర్వాహకుడి పుస్తకం సర్వర్‌లోకి చేరింది, అంతే.

4. గడువు అనే ఆలోచన

1980ల చివరికి పర్సనల్ కంప్యూటర్లు పెరిగాయి. చేత్తో మోసుకుపోగల యంత్రాలు వచ్చాయి. ఉదయం ఒక గదిలో ఉన్న యంత్రం సాయంత్రం మరో భవనంలో ఉంటుంది. వచ్చిన యంత్రం వస్తున్నానని చెబుతుంది గాని, వెళ్లేటప్పుడు చెప్పి వెళుతుందన్న నమ్మకం లేదు. వైరు పీకేస్తారు, స్విచ్ ఆపేస్తారు. వచ్చిన ప్రతిదానికీ శాశ్వతంగా ఒక సంఖ్య ఇస్తూ పోతే ఉన్న సంఖ్యలు త్వరలోనే అయిపోతాయి.

ఇంటర్నెట్ ప్రమాణాలను రూపొందించే ఐఈటీఎఫ్‌లో ఒక కార్యబృందం ఈ సమస్యను చేపట్టింది. అమెరికాలోని బక్‌నెల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రాల్ఫ్ డ్రామ్స్ రచించిన డీహెచ్‌సీపీ ప్రమాణం 1993 అక్టోబరులో వెలువడింది. 1997 మార్చిలో దాని సవరించిన రూపం ఆర్‌ఎఫ్‌సీ 2131గా వచ్చింది. రచయితలు పాతదాన్ని పారవేయలేదు. బూట్‌పీ సందేశపు ఆకృతినే ఉంచుకొని, దానికి గడువును జోడించారు. అప్పటికే రూటర్లలో ఉన్న చేరవేత ఏర్పాటు కొత్త పద్ధతికీ పనికివచ్చింది. డీహెచ్‌సీపీ త్వరగా వ్యాపించడానికి ఇదొక కారణం. విండోస్ 95లో డీహెచ్‌సీపీ ముందే అమర్చి ఉండడం మరో కారణం.

పని నాలుగు సందేశాల్లో ముగుస్తుంది.

మొదటిది డిస్కవర్: చిరునామా లేని యంత్రం ‘ఇక్కడ సర్వర్ ఎవరైనా ఉన్నారా?’ అని అందరికీ వినిపించేలా అడుగుతుంది.
రెండవది ఆఫర్: సర్వర్ ఒక చిరునామాను ఇవ్వజూపుతుంది.
మూడవది రిక్వెస్ట్: యంత్రం తాను ఎంచుకున్న ఆఫర్ ఏదో మళ్లీ అందరికీ వినిపించేలా చెబుతుంది. ఒకరికన్న ఎక్కువ సర్వర్లు ఆఫర్ ఇచ్చి ఉంటే, మిగిలినవి తమ చిరునామాలను వెనక్కి తీసుకుంటాయి.
నాలుగవది అక్నాలెడ్జ్: సర్వర్ లీజును ఖాయం చేసి, గడువు ఎన్ని సెకన్లో చెబుతుంది.

సాధారణంగా సగం గడువు గడవగానే యంత్రం తనకు లీజు ఇచ్చిన సర్వర్‌ను పొడిగింపు అడుగుతుంది. జవాబు రాకపోతే, గడువులో 87.5 శాతం గడిచాక ఏ సర్వర్‌నైనా అడుగుతుంది. గడువు పూర్తిగా ముగిస్తే ఆ చిరునామాను వదులుకోవాలి. వెళ్లిపోయిన యంత్రం పొడిగింపు అడగదు కాబట్టి, దాని చిరునామా ఎవరూ చెప్పకుండానే ఖాళీ అవుతుంది.

5. ఒక లెక్క

ఒక గ్రంథాలయంలో 200 చిరునామాలు ఉన్నాయనుకుందాం. పది గంటల పనివేళల్లో గంటకు 60 మంది చొప్పున 600 మంది పాఠకులు వస్తారు. ఒక్కొక్కరు రెండు గంటలు ఉంటారు. అంటే ఏ సమయంలోనైనా లోపల ఉండేది సుమారు 120 మంది. 200 చిరునామాలు ధారాళంగా సరిపోవాలి.

గడువు 24 గంటలు పెట్టారనుకోండి. వెళ్లిపోయినవారి చిరునామాలు మర్నాటిదాకా తిరిగి రావు. నాలుగో గంటలోనే 200 అయిపోతాయి. ఆ తరువాత వచ్చిన పాఠకుడికి సగం కుర్చీలు ఖాళీగా కనిపిస్తున్నా ఇంటర్నెట్ దొరకదు. అదే గడువు ఒక గంట పెడితే, పాఠకుడు వెళ్లాక అతని చిరునామా గరిష్ఠంగా మరో గంట మాత్రమే నిలిచి ఉంటుంది. గంటకు 60 మంది, ఒక్కొక్కరికి మూడు గంటలు: 180 చిరునామాలు చాలు.

అలాగని గడువును ఎంత తగ్గిస్తే అంత మంచిదని తేల్చకండి. గడువు తగ్గేకొద్దీ పొడిగింపు సందేశాలు పెరుగుతాయి. సర్వర్ కాసేపు ఆగిపోతే పని చేసుకుంటున్నవారి చిరునామాలు కూడా పోతాయి. ఉమ్మడి వనరును ఎంతకాలానికి ఎవరికి ఇవ్వాలన్నది నిర్వాహకుడు ఆలోచించి తీసుకోవలసిన నిర్ణయం. యంత్రం ఆ నిర్ణయాన్ని అమలు చేస్తుంది, అంతే.

మీ ప్రగతిని సరిచూసుకోండి: పై ఉదాహరణలో గడువు రెండు గంటలు అయితే 200 చిరునామాలు సరిపోతాయా? కారణం రాయండి.

6. కొత్త చిక్కులు

మొదటిది నమ్మకం. కొత్తగా వచ్చిన యంత్రానికి అక్కడ ఎవరూ తెలియదు. జవాబిచ్చినవారినే సర్వర్ అనుకుంటుంది. ఎవరైనా దురుద్దేశంతో నకిలీ సర్వర్ పెడితే, యంత్రం పంపే సమాచారమంతా వారి చేతుల మీదుగా పోయేలా చేయవచ్చు. ఇంటి రూటర్‌ను పొరపాటున కార్యాలయ నెట్‌వర్క్‌కు తగిలించినా గందరగోళమే. ఈ బలహీనతను ఆర్‌ఎఫ్‌సీ 2131 తానే ఒప్పుకుంది. 2001లో సర్వర్‌ను ధ్రువీకరించే పద్ధతి ఒకటి ప్రమాణంగా వచ్చినా అంతగా వాడుకలోకి రాలేదు. నేడు అనేక సంస్థల్లో, అనుమతిలేని వైపునుంచి వచ్చే ఆఫర్లను నెట్‌వర్క్ స్విచ్చులే అడ్డుకుంటాయి.

రెండవది గుర్తింపు. చిరునామా శాశ్వతంగా ఉన్న రోజుల్లో సంఖ్యను చూసి యంత్రాన్ని చెప్పగలిగేవారు. లీజు వచ్చాక అదే సంఖ్య ఉదయం ఒకరిది, సాయంత్రం మరొకరిది. ఫలానా చిరునామా నుంచి తప్పు జరిగిందని ఎవరైనా అన్నప్పుడు, ఏ రోజు, ఏ సమయాన అని అడగాలి. సర్వర్ లాగ్‌తో సరిపోల్చకుండా ఒకరిని వేలెత్తి చూపితే నిర్దోషి దోషి కావచ్చు. లాగ్ కూడా యంత్రాన్నే చూపుతుంది, దాని ముందు కూర్చున్న మనిషిని కాదు.

మూడవది గోప్యత. చిరునామా అడిగే ప్రతిసారీ యంత్రం తన హార్డ్‌వేర్ సంఖ్యను, తరచుగా తన పేరును కూడా చాటుకుంటుంది. అందువల్ల ఒక ఫోను ఏయే చోట్లకు వెళ్లిందో కూడగట్టే వీలుంది. దీనిని తగ్గించే సూచనలతో 2016లో ఆర్‌ఎఫ్‌సీ 7844 వెలువడింది. ఇటీవలి ఫోన్లు వైఫైకి అసలు సంఖ్యకు బదులు కల్పిత సంఖ్య చూపడం కూడా ఇందుకే.

7. కొరత తీరితే లెక్క అక్కర్లేదా?

32 బిట్ల చిరునామాల ప్రపంచ కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరి 3న అయిపోయింది. దీనికి జవాబుగా రూపొందిన ఐపీవీ6లో చిరునామా పొడవు 128 బిట్లు. ఇక్కడ కొరత లేదు కనుక మరో మార్గం తెరుచుకుంది: రూటర్ చిరునామాలోని ముందు భాగాన్ని ప్రకటిస్తే, మిగిలిన భాగాన్ని యంత్రమే కల్పించుకుంటుంది. 1996లో ప్రమాణమైన ఈ పద్ధతిలో లెక్క రాసే సర్వర్ అవసరం లేదు. అయినా 2003లో ఐపీవీ6 కోసం కూడా డీహెచ్‌సీపీ ప్రమాణం వచ్చింది. చిరునామాలు పుష్కలంగా ఉన్నా, ఏది ఎవరి దగ్గర ఉందో తెలియాలని కోరే సంస్థలు ఉన్నాయి. కొరత తీరినా జవాబుదారీతనపు ప్రశ్న తీరలేదు.

8. సారాంశం

చిరునామా లెక్క మొదట మనిషి పుస్తకంలో ఉంది. రార్ప్, బూట్‌పీలతో అది సర్వర్ పట్టికలోకి మారింది. డీహెచ్‌సీపీతో పట్టిక తనను తానే రాసుకోవడం, గడువు తీరగానే చెరుపుకోవడం నేర్చుకుంది. చెప్పకుండా వెళ్లిపోయేవారు ఉంటారన్న వాస్తవాన్ని ముందే అంగీకరించి నియమం రాయడమే ఈ పద్ధతి బలం. అడిగిన మొదటి జవాబును నమ్మడం దాని బలహీనత.

అభ్యాసం: మీ ఫోన్ వైఫై వివరాల్లో ఐపీ చిరునామాను చూసి రాసుకోండి. మొబైల్ డేటాకు చిరునామా ఇచ్చే ఏర్పాటు వేరు కాబట్టి వైఫైలోనే చూడండి. చిరునామా 192.168 లేదా 10తో మొదలైతే అది ఆ నెట్‌వర్క్ లోపల మాత్రమే చెల్లేది. 169.254తో మొదలైతే సర్వర్ నుంచి జవాబు రాక, యంత్రం తానే తాత్కాలిక సంఖ్య పెట్టుకుందని అర్థం. వారం తరువాత మళ్లీ చూడండి. సంఖ్య మారినా మారకపోయినా, అందుకు కారణాన్ని లీజు నియమాల ఆధారంగా పది వాక్యాల్లో వివరించండి.