బల్లకు ఇటూ అటూ – రైల్వేలో కలిసి మాట్లాడుకొన్న కథ

ప్రత్యేక సంచికకు పాత సంగతి ఏదైనా వ్రాయమని కార్యవర్గం వారు కోరినారు. పే కమిషన్ల గురించి, డి.ఎ. లెక్కల గురించి వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. ఆ లెక్కలు తేలడానికి ముందు మనుషులు ఒకచోట కూర్చొని మాట్లాడుకోవడం ఎలా అలవాటైందో మన పిల్లలకు అంతగా తెలియదు. ఆ చరిత్రనే క్లుప్తంగా మనవి చేస్తాను.

రైల్వే కార్మికోద్యమంలో మన తెలుగువారికి బాగా తెలిసిన పేరు వి.వి.గిరి గారిది. 1894లో బరంపురంలో జన్మించిన ఆయన బెంగాల్-నాగపూర్ రైల్వే కార్మికులను కూడగట్టి, తరువాత అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్‌కు నాయకులైనారు. తగాదాను ట్రిబ్యునళ్లకు వదిలేయడం కంటే ఉభయ పక్షాలూ ఎదురెదురుగా కూర్చొని తేల్చుకోవడమే మేలని ఆయన నమ్మకం. కేంద్ర కార్మిక మంత్రి అయిన తరువాత కూడా ఆ మాట విడవలేదు. బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో మంత్రి పదవికే రాజీనామా చేసినారు.

ఈ ఆలోచన మన ఒక్క దేశానిది కాదు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటనులో విట్లీ అనే ఆయన అధ్యక్షతన ఏర్పడిన కమిటీ, యజమానులూ పనివారూ కలిసి కూర్చొనే కౌన్సిళ్లు ఉండాలని చెప్పింది. ఆ విట్లీ గారే మన దేశంలో కార్మికుల స్థితిగతులపై వేసిన రాయల్ కమిషన్‌కు అధ్యక్షులుగా వచ్చి 1931లో నివేదిక ఇచ్చినారు. అయినా రైల్వేలో ఈ పద్ధతి స్థిరపడడానికి 1952 జనవరి 1 దాకా పట్టింది. మనమందరం పి.ఎన్.ఎం. అని పిలుచుకొనే పర్మనెంట్ నెగోషియేటింగ్ మెషినరీ ఆనాడు మొదలైంది. డివిజను, జోను, రైల్వే బోర్డు స్థాయిలలో గడువు ప్రకారం సమావేశాలు జరగాలి, చర్చించినది మినిట్స్‌లో ఎక్కాలి, తరువాతి సమావేశంలో దానికి జవాబు చెప్పాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు జె.సి.ఎం. 1966లో వచ్చింది.

కాగితం మీద ఇది ఇంతే. దాని ప్రాణం మాత్రం కింది స్థాయిలో ఉండేది. మన పాకాల జంక్షను గనుక తిరుపతి వైపు, కాట్పాడి వైపు, ధర్మవరం వైపు పనిచేసేవాళ్లు ఇక్కడ కలిసేవారు. సాయంత్రం డ్యూటీ దిగినవాళ్లు చుట్టూ కూర్చొంటే ఒకరిది తెలుగు, ఒకరిది అరవం, ఇంకొకరిది రెండూ కలిసిన మాట. గ్యాంగ్‌మన్ చెప్పేది గార్డు వినేవాడు, గార్డు చెప్పేది బుకింగ్ క్లార్కు వినేవాడు. పై మీటింగుకు పోయే ఐటమ్ అక్కడ నలిగి నలిగి తయారయ్యేది.

ఒక ఉదాహరణ చెబుతాను. ఒక చిన్న స్టేషనులో ఇద్దరు పాయింట్స్‌మన్‌లకు పడేది కాదు. రిలీఫ్‌కు రావలసినవాడు రోజూ ఆలస్యంగా వస్తాడని ఒకడు, ఆలస్యం తనది కాదని ఇంకొకడు. ఇది శిక్ష వేయవలసిన విషయమనే మాలో చాలామంది అనుకొన్నారు. అందరినీ కూర్చోబెట్టి అడిగితే, అంతవరకు నోరు మెదపని ఒక పెద్దాయన, "ఏమప్పా, టైంటేబుల్ మారినాక ఆ ప్యాసింజరు డ్యూటీ టైము దాటినాకే గదా వచ్చేది!" అన్నాడు. డ్యూటీ మారే సమయాన్ని బండికి సరిపెట్టమని కోరినాము. తగాదా తీరింది, ఆ ఇద్దరూ స్నేహితులైనారు. సగం నిజం ఒకరి దగ్గర, మిగతా సగం ఇంకొకరి దగ్గర ఉంటుందని నేను నేర్చుకొన్నది అక్కడే.

మాటలు తెగితే ఏమవుతుందో 1974 చూపించింది. పని గంటలు, బోనసు మొదలైన కోర్కెలపై చర్చలు నడుస్తూండగానే మే 2న జార్జి ఫెర్నాండెజ్ గారిని అరెస్టు చేసినారు. మే 8న మొదలైన సమ్మె 27న విరమించేదాకా దేశమంతటా వేలమంది జైళ్లకు పోయినారు, వేలమంది ఉద్యోగాలు పోగొట్టుకొన్నారు. 1977 తరువాత వారిని మళ్లీ పనిలోకి తీసుకొన్నారు. ఆనాడు అడిగిన బోనసు 1979లో ఉత్పాదకతతో ముడిపెట్టి ఇచ్చినారు. ఆ అయిదేండ్లలో ఎన్ని ఇండ్లలో పొయ్యి వెలగలేదో లెక్క వేసినవారు లేరు. పోరు నష్టం, పొందు లాభం అని పెద్దలు ఊరకే అనలేదు.

కోర్టుకు పోకూడదని నా భావం కాదు. డి.ఎస్.నకారా కేసులో 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మనకు దీపం వంటిది. పెన్షను భిక్ష కాదని, హక్కని చెప్పింది. అందుకే ఆ తేదీని పెన్షనర్స్ డేగా జరుపుకొంటున్నాము. కాని హక్కు ఉందని తెలియనివారికి ఆ తీర్పు ఏమి చేయగలదు? తెలియడానికి నలుగురు కూర్చోవాలి.

ఎనభై యేండ్లు నిండిన కేంద్ర పెన్షనర్లకు మూల పెన్షనుపై 20 శాతం అదనంగా వస్తుంది. కుటుంబ పెన్షనర్లకు కూడా ఇది వర్తిస్తుంది. ఒక సమావేశంలో ఒకామె తనకు పెంపు వచ్చిందని పక్కామెతో అంటే, ఆ పక్కామె, "నాకూ ఎనభై దాటె గదమ్మా, రాలేదే!" అనింది. చూస్తే పి.పి.ఓ.లో ఆమె పుట్టినతేదీయే లేదు. ఎన్నో నెలలుగా మన సమావేశాలకు వచ్చి వెనుక వరుసలో కూర్చొని పోయిన మనిషి ఆమె. వేదిక మీద మాట్లాడిన మాకెవరికీ తెలియనిది ఇద్దరు ముసలమ్మల కబుర్లలో బయటపడింది.

కాబట్టి మన సంఘానికి నా మనవి ఒక్కటే. ప్రతి నెలా సమావేశంలో ఉపన్యాసాలకు ముందు ఒక అరగంట కుర్చీలు గుండ్రంగా వేయండి. ఎప్పుడూ మాట్లాడనివారిని మొదట అడగండి. వారు చెప్పినది మినిట్స్‌లో వ్రాయండి, వచ్చే నెల దానికి జవాబు చెప్పండి. ఇంటిలో కదలలేని సభ్యుల తరఫున వారి పిల్లలు రావచ్చు. జవాబు దొరికిన మనిషి మళ్లీ వస్తాడు, మరొకరిని వెంటబెట్టుకొని వస్తాడు. సంఘానికి అంతకంటే బలం ఏముంది?