పనిలేనినాటి భృతి, పని దొరికిననాటి తోడ్పాటు



పనిలేక ప్రభుత్వ మిచ్చు భృతిచే కాలము గడుపువాడు పనిలో బ్రవేశించిననాడు ఆ భృతి యేమి కావలయును? వెంటనే నిలిచిపోవలయునా? కొంతదూరము వాని వెంట రావలయునా? బ్రిటను దేశమువారు రెండు శతాబ్దములకు పైగా నీ ప్రశ్నకు సమాధానము వెదకుచున్నారు. ఆ చరిత్రమును సంగ్రహముగ విన్నవించెదను.

1795వ సంవత్సరమున నచట ధాన్యపు వెలలు మిక్కిలి హెచ్చెను. కూలివాని కూలి రొట్టెకు జాలదయ్యెను. మే నెల 6వ తేదీని బర్కుషైరు మండల న్యాయాధికారులు స్పీనుహామ్లాండులోని యొక సత్రమున గూడి యొక లెక్క నేర్పరచిరి. గ్యాలను రొట్టె వెల యొక షిల్లింగైనపుడు కష్టపడు పేదవానికి వారమునకు 3 షిల్లింగులును, భార్యాబిడ్డలకు తలకు ఒకటిన్నర షిల్లింగును ఉండవలయును. కూలి చాలనిచో కొరతను పేదల పన్నునుండి పూరింపవలయును.

ఉద్దేశము మంచిదే. కాని కొరతను ఊరివారు తీర్చుచుండగా యజమానుడు కూలి యేల పెంచునని విమర్శకు లాక్షేపించిరి. 1834లో చట్టము మారెను. దేహదార్ఢ్యము గలవానికి సాయము 'వర్కుహౌసు'లోనే దొరకవలయుననియు, అచటి బ్రతుకు వెలుపలి కూలివాని బ్రతుకుకంటె హీనముగ నుండవలయుననియు సూత్రము వెలసెను. మొదటిది కరుణ, రెండవది కాఠిన్యము.

1911లో జాతీయ భీమా చట్టము వచ్చెను. పనివాడు, యజమానుడు, ప్రభుత్వము మువ్వురును చందా యిడగా, కొన్ని వృత్తులవారికి పనిలేనినాడు వారమునకు 7 షిల్లింగులు హక్కుగా లభించెను.

1971లో బిడ్డలుగల అల్పాదాయపు పనివారికి ప్రత్యేక సాయ మేర్పడెను. అయితే జీతము పెరిగినకొలది ఈ సాయమును అద్దె సాయమును తగ్గుచు, పన్ను హెచ్చుచుండెను. కొందరికి పౌను ఎక్కువ గడించిన, పౌనుకంటె నెక్కువ పోయెడిది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి! 1988 నాటి సంస్కరణము ఈ చిక్కును కొంత సడలించెను.

1999 ఏప్రిలులో కనీస వేతనము అమలులోనికి వచ్చెను. యజమానుడు కూలి తగ్గింపకుండ నిది యడ్డుకట్ట. 2003 ఏప్రిలులో 'వర్కింగ్ ట్యాక్సు క్రెడిటు' ఆరంభమయ్యెను. పేరు పన్నులో జమయైనను, పన్ను చెల్లింపనివానికిని సొమ్ము చేతి కందెడిది. బిడ్డలుగల ఒంటరి తల్లి వారమునకు 16 గంటలు పనిచేసిన నర్హురాలు. బిడ్డలును అంగవైకల్యమును లేనివానికి సాధారణముగ 25 ఏండ్ల వయస్సు, 30 గంటల పని ఉండవలయును. 29 గంటలు చేసినవానికి ఏమియు లేదు. ఏడాది ఆదాయమునుబట్టి లెక్క తరువాత సరిచూచుటచే, అనేక కుటుంబములు అందుకొన్నదానిలో కొంత తిరిగి చెల్లింపవలసివచ్చెను.

2013నుండి 'యూనివర్సల్ క్రెడిటు' దాని స్థానమును క్రమముగ నాక్రమించెను. ఇందు గంటల గడప లేదు. 2021 చివరినుండి, సాయము తగ్గుట మొదలైన పిమ్మట చేతికి వచ్చు ప్రతి పౌనుకును 55 పెన్నీలు తగ్గును, 45 మిగులును. 2025 ఏప్రిలు 5వ తేదీతో పాత క్రెడిటులు ముగిసెను.

ఈ చరిత్రమునుండి నాకు దోచు నీతి యొకటి. సాయ మెంతయని మాత్రమే కాదు, అది యెచట నెట్లు నిలుచునని కూడ నడుగవలయును. క్రింద కూలికి హద్దును, పైన మెల్లగ దిగు మెట్లును ఉన్నగాని సాయము సార్థకము గాదు. నడియేట దింపివేయు పడవవాడు ఏరు దాటించినవాడు కాడు గదా!