మిల్లీమీటర్ల మీద ప్రాణం

పేషెంటుకు మత్తు ఇచ్చారు. గజ్జ దగ్గర ధమనిలోంచి ఎక్కించిన క్యాథెటర్ మెడలోని కెరోటిడ్ నాళం దాకా చేరింది. ఎక్స్‌రే యంత్రం తల చుట్టూ గిర్రున తిరిగింది. కొన్ని సెకన్లలోనే మెదడు రక్తనాళం త్రీడీలో తెర మీదికొచ్చింది. మలుపు దగ్గర గోడ ఉబ్బి పక్కకు వేలాడుతోంది. అదే ఎన్యూరిజం. చిట్లితే మెదడు చుట్టూ రక్తం కమ్ముకుంటుంది.

"ఏ సైజు వేద్దాం?"

ఫ్లో డైవర్టర్ వేసే ప్రతి ఆపరేషన్‌లోనూ డాక్టర్లను నిలదీసే ప్రశ్న ఇదే.

ఫ్లో డైవర్టర్ అంటే సన్నని లోహపు తీగలను జడలా అల్లిన గొట్టం. అమెరికాలో 2011లో అనుమతి పొందిన 'పైప్‌లైన్' రకంలో 48 తీగలుంటాయి. దీన్ని నాళంలో విప్పితే ఉబ్బులోకి దూకే రక్తం జోరు తగ్గి, లోపల గడ్డకట్టి, నెలలు గడిచేకొద్దీ ఆ ఉబ్బు మూసుకుపోతుంది. చిక్కంతా ఆ అల్లికతోనే. నాళం వెడల్పుగా ఉన్నచోట గొట్టం విచ్చుకుని పొట్టిదవుతుంది, ఇరుకైనచోట సాగుతుంది. పెట్టె మీద రాసిన పొడవు ఒకటి, వంకర నాళంలో కుదురుకున్నాక తేలే పొడవు ఇంకొకటి. చాలకపోతే ఉబ్బు మూతి తెరిచే ఉంటుంది. ఎక్కువైతే పక్క కొమ్మల మీద పడుతుంది. పూర్తిగా వదిలేశాక వెనక్కి లాగే వీలుండదు.

ఒకప్పుడు ఇంత లెక్క చూసుకునే వీలే లేదు. 1937 మార్చి 23న బాల్టిమోర్‌లో న్యూరోసర్జన్ వాల్టర్ డాండీ పుర్రె తెరిచి, ఎన్యూరిజం మెడకు వెండి క్లిప్పు బిగించాడు. ఆయనకు దారి చూపింది యాంజియోగ్రామ్ కాదు, రోగి కంటిని కదిలించే నరం చచ్చుబడటం. ఆ ధైర్యానికి చేతులెత్తి మొక్కాలి. కానీ ఇవాళ అంత గుడ్డిగా దిగాల్సిన పని లేదు.

ఫ్రాన్స్‌లోని మోంపెల్యేలో 'సిమ్ అండ్ క్యూర్' సంస్థ తయారుచేసిన సాఫ్ట్‌వేర్, ఆపరేషన్ జరిగే రోగి నాళం త్రీడీ బొమ్మనే తీసుకుంటుంది. గొట్టం ఎక్కడ మొదలవ్వాలో డాక్టరు మౌస్‌తో గుర్తు పెడతాడు. ఎక్కడ ఆగుతుందో, గోడకు ఎక్కడ సరిగా ఆనదో కంప్యూటర్ లెక్కగట్టి చూపిస్తుంది. ఒక సైజు ఉబ్బు మూతి దాటకముందే ఆగిందా, తీసేసి ఇంకొకటి. అదీ కొమ్మ మీదికి పోయిందా, మరొకటి. పెట్టె సీలు తీయకముందే ఈ తప్పులన్నీ తెర మీదే తేలిపోతాయి. ఈ సాఫ్ట్‌వేర్ గొప్పతనం నా దృష్టిలో ఇదే.

అయితే స్కాన్ మసకగా ఉంటే లెక్కా తప్పుతుంది. గొట్టాన్ని నడిపించాల్సింది, చివరి మాట చెప్పాల్సింది డాక్టరే.

మీ ఇంట్లో ఎవరికైనా ఫ్లో డైవర్టర్ వేయాలంటే, సైజు ఎలా నిర్ణయిస్తారో, ముందుగా సిమ్యులేషన్ చేసి చూస్తారో లేదో డాక్టరుగారిని నిస్సంకోచంగా అడగండి.